పదవీ విరమణమును కాయకమును



మన శివానుభవ గోష్ఠులలో తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. "ముప్పదియైదు సంవత్సరములు ఉద్యోగము చేసితిని. పిల్లలు స్థిరపడిరి. నెలనెలకు పింఛను వచ్చుచున్నది. ఇక నేను ఏ పనియు చేయక ఊరక కూర్చుండినచో దోషమా?" అని విశ్రాంత ఉద్యోగులు అడుగుచుందురు. కొందరు సిగ్గుపడుచు అడుగుదురు. కొందరు సవాలు చేయునట్లు అడుగుదురు. ఏ తీరున అడిగినను ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. అరువదేండ్లు నిండిన పిమ్మట ఇంకను పదునైదో ఇరువదో సంవత్సరములు జీవించుట నేడు సామాన్యము. బాల్యమునకును విద్యాభ్యాసమునకును పట్టినంత కాలమది. అంత కాలమును ఎట్లు గడపవలెనను విచారము గృహస్థునకే కాదు, అతని యింటివారికిని అవసరము.

ఈ ప్రశ్నకు లోకము రెండు సమాధానములు చెప్పుచున్నది. "జీవితమంతయు కష్టపడితిరి, ఇక హాయిగా కూర్చుండుడు" అనునది మొదటిది. "కూర్చుండి తినిన కొండలైనను కరగును" అనునది రెండవది. మొదటి మాట పనిని తీర్చివేయవలసిన అప్పుగా భావించినది. రెండవ మాట మనుష్యుని కాడి దించని యెద్దుగా భావించినది. బసవాది శరణుల మార్గము ఈ రెంటికిని భిన్నమైనది. ఆ మార్గమున ఈ ప్రశ్నను విడదీసి చూచుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

1. విరమించునది ఏది?

ముందుగా పదవీ విరమణ యన నేమో తెలిసికొనవలెను. పదవిని విడుచుట పదవీ విరమణము. ఆ తేదీని నిర్ణయించునది ప్రభుత్వము గాని, మన శరీరము కాదు. ఆంధ్రప్రదేశమున 1983లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించిరి. పిమ్మట మరల 58 చేసిరి. 2014లో 60కి పెంచిరి. 2022లో అది 62 అయ్యెను. తెలంగాణమున 2021లో 61 అయ్యెను. ఈ అంకెలను చూడుడు. కృష్ణానదికి ఈ యొడ్డున నున్న ఉపాధ్యాయునికిని ఆ యొడ్డున నున్న ఉపాధ్యాయునికిని దేహము ఒకే తీరున ముదురును. కాని విరమణ తేదీ మాత్రము వేరు. 1983లో 55 ఏండ్లు నిండినవాడు ఒక్క ఉత్తరువుతో వృద్ధుడు కాలేదు. కావున విరమణము కుర్చీకి సంబంధించినదే గాని మనుష్యునికి సంబంధించినది కాదని స్పష్టమగుచున్నది.

మఱియొక విషయము. ఈ విరమణ భాగ్యము అందరికిని లేదు. రైతునకును, మగ్గము నేయు వానికిని, బట్టలుదుకు వానికిని, కూలి చేయు స్త్రీకిని విరమణోత్సవము లేదు, శాలువ లేదు, సన్మానపత్రము లేదు. చేయి ఆడినంత కాలము పని, ఆడనినాడు పస్తు అను స్థితి తరతరములుగా వారిది. నేడు ప్రభుత్వములు వృద్ధాప్య పింఛనులు ఇచ్చుచున్నవి. ఆంధ్రప్రదేశమున 2024 జూలై మాసము నుండి ఆ మొత్తము నెలకు 4000 రూపాయలయ్యెను. అది ప్రాణమును నిలుపునది గాని విశ్రాంతిని కొనునది కాదు. ఊరక కూర్చుండవచ్చునా యను ప్రశ్న పుట్టుటకే కొంత సౌకర్యము కావలెనని విశ్రాంత ఉద్యోగి మరువరాదు.

2. ఉద్యోగము వేరు, కాయకము వేరు

12వ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుడును ఆయన సహచరులును నిలిపిన తత్త్వములలో కాయకము ముఖ్యమైనది. నేటి బీదరు మండలములోని బసవకల్యాణమే ఆ కల్యాణము. కాయము అనగా శరీరము. శరీరముతో చేయబడునది కాయకము. అయితే చేయబడు ప్రతి పనియు కాయకము కాదు. దానికి మూడు లక్షణములు కలవు. మొదటిది, అది సత్యమైనదై యుండవలెను. అనగా ఇతరులను వంచింపనిది, పీడింపనిది. రెండవది, అది లింగపూజతో సమానమైన శ్రద్ధతో చేయబడవలెను. మూడవది, దాని ఫలము దాసోహమునకు చేరవలెను. అనగా తనకును తన వారికిని చాలినంత ఉంచుకొని తక్కినది సమాజమునకు సమర్పింపబడవలెను.

ఈ మూడు లక్షణములలో జీతము లేదు. హోదా లేదు. వయస్సు లేదు. శరణులలో పడవ నడుపు అంబిగర చౌడయ్య కలడు. బట్టలుదుకు మడివాళ మాచయ్య కలడు. త్రాళ్లు పేను నులియ చందయ్య కలడు. తాంబూలపు సంచి మోయు హడపద అప్పణ్ణ కలడు. వారి పేర్లకు ముందు వారి పనులే నిలిచినవి. గురువైనను, జంగముడైనను కాయకము చేయవలసినదే యని నులియ చందయ్య నిర్మొగమాటముగా చెప్పెను. కావున మఠమునందున్న వారికిని మినహాయింపు లేదు.

బ్రహ్మచర్యము, గార్హస్థ్యము, వానప్రస్థము, సన్న్యాసము అని నాలుగాశ్రమముల విభజన మన దేశమున ప్రసిద్ధము. అందు మూడవ మెట్టున మనుష్యుడు ఇల్లు విడిచి అడవికి పోవలెను. శరణులు ఈ మెట్లను అంగీకరింపలేదు. బసవేశ్వరుడు మంత్రిగా, భాండాగారాధికారిగా బిజ్జలుని కొలువున నున్నప్పుడును శరణుడే. ఆ కొలువును విడిచి కూడలసంగమమునకు చేరినప్పుడును శరణుడే. కొలువు మారెను గాని శరణత్వము మారలేదు. ఇది మనము గట్టిగా పట్టుకొనవలసిన మాట. ఉద్యోగమునకు ముగింపు తేదీ కలదు. కాయకమునకు అట్టిది లేదు.

"అట్లయిన మాకు విశ్రాంతి లేదా? తొంబదవయేట కూడ చెమటోడ్చవలెనా?" అని ఎవరైన అడుగవచ్చును. తొందరపడరాదు. కాయకమునకు ముగింపు లేదనిన మాత్రమున ఎడతెగక పరుగులిడవలెనని అర్థము కాదు. ఈ విషయమును శరణుల చరిత్రములే విప్పిచెప్పుచున్నవి.

3. ఆయ్దక్కి మారయ్య – లక్కమ్మ

మారయ్య, లక్కమ్మ దంపతులు నేటి రాయచూరు మండలములోని లింగసుగూరు ప్రాంతమున అమరేశ్వర గ్రామమునుండి కల్యాణమునకు వచ్చినవారు. బసవేశ్వరుని మహామనె ముంగిట నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్యయొక్క కాయకము. ఆ గింజలతోనే వారి జంగమ దాసోహము జరుగుచుండెడిది. ఏరిన బియ్యమునకు కన్నడమున ఆయ్దక్కి యని పేరు. దానివలననే ఆయనకు ఆయ్దక్కి మారయ్య యను నామము కలిగినది. కాయకమునందే కైలాసమున్నదను ప్రసిద్ధమైన భావము ఈ మారయ్య వచనమునుండియే మనకు లభించినది.

ఒకనాడు మారయ్య అల్లమప్రభువు సన్నిధిని తత్త్వవిచారమున మునిగి యుండెను. ప్రొద్దెక్కినది. గింజలు ఏరవలసిన వేళ దాటుచున్నది. అప్పుడు లక్కమ్మ వచ్చి కాయకము నిలిచిపోయినదని భర్తకు గుర్తుచేసెను. ఎంత గొప్ప జ్ఞానచర్చయైనను అది నాటి పనికి బదులు కాజాలదని ఆమె భావము. ఆమె ఎదుట నున్నవాడు సామాన్యుడు కాడు, అల్లమప్రభువు. అయినను ఆమె జంకలేదు.

మఱియొకనాడు మారయ్య నిత్యము తెచ్చు బియ్యముకంటె ఎక్కువ తెచ్చెను. సాధారణమైన ఇల్లాలయినచో సంతోషించియుండెడిది. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ యాశ నీ మనస్సుదా, బసవన్న మనస్సుదా యని ప్రశ్నించెను. శరణునకు ఆశ తగదనియు, ఎక్కువైన బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మనియు పంపివేసెను.

ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. మొదటిదానిలో ఆమె లెమ్మనినది. రెండవదానిలో చాలుననినది. పని మానినను ఆమెకు సమ్మతము కాదు, పని మితిమీరినను సమ్మతము కాదు. కాయకమునకు ఒక కనిష్ఠము కలదు, ఒక గరిష్ఠము కలదు. విశ్రాంత ఉద్యోగి ప్రశ్నకు సగము సమాధానము ఇందే యున్నది. అతడు లేవవలసిన సమయమును తెలియవలెను. చాలించవలసిన సమయమును తెలియవలెను.

4. సిద్ధరామయ్య చెరువు

మిగిలిన సగము సమాధానము సొన్నలిగె సిద్ధరామయ్య చరిత్రములో కలదు. సొన్నలిగె అనగా నేటి షోలాపురము. సిద్ధరామయ్య అచట దేవాలయము కట్టించెను, చెరువు త్రవ్వించెను. ఆ చెరువు నేటికిని నగరమధ్యమున నున్నది. వందలాది జనులు ఆయనతో మట్టి మోయుచుండిరి. ఇంతకుమించిన లోకసేవ యేమి కలదు?

అచటికి అల్లమప్రభువు వచ్చెను. మెచ్చుకొనుటకు మారుగా సిద్ధరామయ్యను మట్టిపని చేయు ఒడ్డెవాడని ఎత్తిపొడిచెను. పనివారు కోపించిరి. కాని అల్లమునకు చెరువుపై ద్వేషము లేదు, ఒడ్డెవానిపై చులకన లేదు. వెలుపల చెరువు నిండుచుండగా లోపల నేమి నిండుచున్నదని ఆయన విచారణ. నేను చేయించుచున్నాను, నేను లేనిచో ఇది జరుగదు అను భావము పనితోపాటు పెరుగుచున్నచో ఆ పని ఎంత గొప్పదైనను బంధమేయగును. సిద్ధరామయ్య ఆ మాటను గ్రహించెను. అల్లముని వెంట కల్యాణమునకు వెడలెను. ఈ వృత్తాంతమును 15వ శతాబ్దమున సంకలితమైన కన్నడ గ్రంథము శూన్యసంపాదనము విస్తరించి చెప్పుచున్నది.

లక్కమ్మ పనిని మరచినవానిని లేపెను. అల్లముడు పనిలో తన్ను మరచినవానిని ఆపెను. ఒకరి బోధ మఱియొకరి బోధకు విరుద్ధము కాదు. ఇరువురును ఒక్కటే అడిగిరి: నీ పని ఎవరి కొఱకు? నీ విరామము ఎవరి కొఱకు?

5. ఊరక కూర్చుండుటలో మూడు విధములు

ఇపుడు మన ప్రశ్నకు వత్తము. ఊరక కూర్చుండుట యను మాట ఒక్కటియే యైనను దానిలో మూడు వేర్వేరు సంగతులు కలవు.

మొదటిది అలసట తీర్చుకొనుట. ముప్పది సంవత్సరములు గంట కొట్టినపుడు లేచి, గంట కొట్టినపుడు కూర్చుండినవాడు కొన్ని మాసములు గంట లేక యుండగోరుట సహజము. సాయంకాలము అరుగుపై కూర్చుండి వీధిని చూచుట, వాన కురియుచుండగా చూరు క్రింద కాలము గడపుట, మనుమరాలు బొమ్మలు పేర్చుచుండగా ఏమియు చెప్పక చూచుచుండుట, వీనియందు ఏ దోషమును లేదు. పొలమునకు కూడ బీడు విడుచుట కలదు. బీడు విడిచిన రైతును ఎవ్వరును సోమరి యనరు.

రెండవది నిశ్చలత. ఎడమ అరచేతిలో ఇష్టలింగము నుంచుకొని దృష్టి నిలిపి కూర్చుండిన శరణుని చూచిన అన్యుడు, వీడు ఏ పనియు చేయుటలేదని తలచును. వెలుపల చూడ ఊరక కూర్చుండుటయే. లోపల మాత్రము అది అన్నిటికంటె కష్టమైన పని. ఉద్యోగకాలమున బస్సు వేళకు తొందరపడి ముగించిన లింగపూజను ఇపుడు తొందరలేక చేయుట విరమణము మనకిచ్చిన వరము. దానిని వ్యర్థకాల మనువాడు పూజను ఎఱుగనివాడు.

మూడవది ఇతరుల భుజములపై కూర్చుండుట. ఇదియే దోషము. ఇది పై రెంటివలెనే కనబడును గనుక దీనిని గుర్తించుటకు ఒక పరీక్ష కావలెను. నేను కూర్చుండినపుడు ఎవరు లేచుచున్నారు? ఇదియే ఆ పరీక్ష.

ఒక యింటిని ఊహింతము. ఇంటి యజమాని గత మాసమున పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. ఉదయము ఎనిమిది గంటలకు వాలుకుర్చీలో పత్రిక పట్టుకొని కూర్చుండెను. "ఇంకో గుక్కెడు కాఫీ ఉందా?" అని అడుగును. పది గంటలకు "ఏమే, నా కళ్లజోడు ఎక్కడ పెట్టావు?" అనును. పదకొండింటికి "ఇవాళ కూరేమిటి?" అనును. మధ్యాహ్నము మిత్రులు వత్తురు. వారికి మరల కాఫీ. సాయంకాలము అతడు "ఈ రోజు నేను ఏమీ చేయలేదు" అని తృప్తిగా ననును. అప్పుడు ఇల్లాలు నెమ్మదిగా అనినది: "ఏమండీ, మీరు బడికి వెళ్లే రోజుల్లో పదింటి నుంచి నాలుగింటి దాకా నాకూ కాస్త తెరిపి ఉండేది. మీకు సెలవు వచ్చింది. నాకున్న సెలవు పోయింది."

ఈ యిల్లు మన ఊహలోనిదే యైనను మన యిండ్లలో లేనిది కాదు. ఆ యిల్లాలి మాటలో లక్కమ్మ స్వరము వినబడుట లేదా? గృహిణికి విరమణ వయస్సును నిర్ణయించిన ప్రభుత్వము ఏదియు లేదు. భర్తకు అరువదిరెండు నిండునప్పటికి ఆమెకును అరువది సమీపించి యుండును. ఆమె మోకాళ్లును అతని మోకాళ్లవలెనే నొచ్చును. ఉద్యోగము చేసి విరమించిన స్త్రీల స్థితి ఇంకను విచిత్రము. వారు కార్యాలయమునుండి విరమించి వంటయింటిలో పూర్తికాలపు ఉద్యోగమున చేరుచున్నారు. మన యిండ్లలో ఊరక కూర్చుండు హక్కు ఎవరికైన ముందుగా రావలెననిన అది వారికే రావలెను. స్త్రీపురుష భేదము లేక లింగధారణ హక్కునిచ్చిన మార్గము మనది. విశ్రాంతిలో మాత్రము ఆ భేదమును పాటించుట ఏ ధర్మము?

కావున పరిష్కారము కుర్చీని విడుచుట కాదు. తాగిన గ్లాసును తాను కడిగి కుర్చీలో కూర్చుండవలెను. ఉదయము కూరలు తరుగుట, బియ్యము ఏరుట, నీరు పట్టుట, మందుల దుకాణమునకు పోయివచ్చుట, వీనిలో రెండు పనులు తాను తీసికొని, ఇల్లాలికి దినమున రెండు గంటలు ఎవరును పిలువని కాలమును కల్పింపవలెను. బియ్యము ఏరుట తక్కువ పని యనువాడు మారయ్యను స్మరింపవలెను.

6. కూర్చుండలేనివారు

కొందరికి దీనికి విరుద్ధమైన బాధ కలదు. వారు క్షణమైనను కూర్చుండలేరు. విరమించిన మరునాటినుండియే మరల ఏదో ఒక పదవి కావలెను. సంఘమునకు అధ్యక్షత, దేవాలయమునకు ధర్మకర్తృత్వము, వీధికి పెద్దరికము. ఏదియు దొరకనిచో కుమారుని దుకాణపు లెక్కలలో తప్పులు వెదకుదురు, కోడలి వంటలో ఉప్పు తూచుదురు. తాము విడిచివచ్చిన పాఠశాలకు ప్రతిదినము పోయి, క్రొత్తగా వచ్చిన ప్రధానోపాధ్యాయునికి పరిపాలన నేర్పువారిని నేనెఱుగుదును. వారు మంచివారు, సమర్థులు. కాని కుర్చీ తమ్ము విడిచినను తాము కుర్చీని విడువలేదు.

పంచాచారములలో భృత్యాచారము ఒకటి. శివభక్తులయెడ సేవకభావముతో మెలగుట దాని తత్త్వము. అధికారము చేసిన వారికి ఇది అన్ని ఆచారములకంటె కఠినము. ఒకనాడు ఉత్తరువులపై సంతకము చేసిన చేయి నేడు దాసోహశాలలో విస్తళ్లు వేయవలెను. "ఎవరండీ మీరు?" అని పసివాడు అడిగినచో పాత హోదా చెప్పక "విస్తళ్లు వేయువాడను నాయనా" అని చెప్పగలిగిననాడు విరమణము పూర్తియైనది. అంతవరకు పదవి మాత్రమే విరమించినది.

తుమకూరు సిద్ధగంగ మఠమున శ్రీ శివకుమార స్వామివారు 1907 ఏప్రిల్ 1న జన్మించి 2019 జనవరి 21న, 111 సంవత్సరముల వయస్సున, లింగైక్యులైరి. అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహము వారి కాయకము. వేలాది పేద విద్యార్థులు కులమత భేదము లేక అచట చదువుకొనుచున్నారు. అంతటి దీర్ఘాయువు, అంతటి దేహదార్ఢ్యము అందరికిని రావు. వారితో పోల్చుకొని మనల్ని మనము నిందించుకొనవలసిన పనియు లేదు. వారి జీవితమున గ్రహింపవలసినది వేరొకటి కలదు. దినము లింగపూజతో మొదలయి పిల్లల అన్నము కొఱకు సాగినది. నిశ్చలతకును పనికిని నడుమ వారికి గోడ లేదు.

7. ఎంత పని? ఏ పని?

విరమించిన వారికి తగిన కాయకము చిన్నదై, నియతమై, ఇతరులకు నిజముగా అక్కఱకు వచ్చునదై యుండవలెను. దినమునకు ఒకటి రెండు గంటలు చాలును. నియమము ముఖ్యము. ఉత్సాహము కలిగిననాడు పది గంటలు చేసి తరువాత పది దినములు కనబడనివానివలన మఠమునకు ఉపకారముకంటె ఇబ్బందియే యెక్కువ.

ఉదాహరణములు కొన్ని చెప్పెదను. సంతకము చేయనేరని పొరుగువారికి పేరు వ్రాయుట నేర్పవచ్చును. వీధిలోని పిల్లలకు సాయంకాలము ఎక్కాలు, పద్యములు, వచనముల భావములు చెప్పవచ్చును. పాల్కురికి సోమనాథుని బసవపురాణము మన తెలుగు నేలపై పుట్టి, 1369లో భీమకవి చేత కన్నడమునకు చేరినది. ఆ గ్రంథమును వారమునకొకసారి ఇంటివారందరు వినునట్లు చదివి భావము చెప్పుట తెలుగు శరణులకు తగిన కాయకము. బ్యాంకు కాగితములు, పింఛను కాగితములు నింపలేనివారికి నింపిపెట్టుట నేటి కాలమున గొప్ప సేవ. పింఛనుదారులు ప్రతి సంవత్సరము తాము జీవించియున్నట్లు ధ్రువపత్రము దాఖలు చేయవలసియున్నది. 2014 నుండి అది జీవన ప్రమాణ్ పేరిట యంత్రముపై వ్రేలిముద్రతోను, ఇటీవల సెల్‌ఫోనులో ముఖమును చూపియు చేయు సౌకర్యము వచ్చినది. అది తెలియక ఎండలో వరుసలలో నిలుచు వృద్ధులు పలువురు కలరు. తెలిసినవాడు ఒకడు వీధికి ఉండిన చాలును.

వ్యాధిగ్రస్తుల విషయము వేరు. పక్షవాతమువలన గాని, హృద్రోగమువలన గాని, కంటిచూపు తగ్గుటవలన గాని లేవలేనివారు ఏ పనియు చేయనందులకు కుందరాదు. కాయము సహకరించినంత మేరకే కాయకము. అట్టివారు ఇతరుల సేవను నొచ్చుకొనక, విసుగుకొనక ప్రసాదభావముతో స్వీకరించుటయు సాధనయే. జీవితభాగస్వామిని కోల్పోయి దుఃఖమున నున్నవారిని కూడ "ఏదైన పని పెట్టుకొండు" అని తొందరపెట్టరాదు. కొంతకాలము వారి ప్రక్కన మనమును ఊరక కూర్చుండుటయే మనము చేయగల పని.

మఠాధిపతులకును సంఘముల పెద్దలకును ఒక విన్నపము. విశ్రాంత ఉద్యోగులు వచ్చినపుడు వారికి పదవుల నీయక వంతులనిచ్చినచో మేలగును. సోమవారము విస్తళ్లు, గురువారము గ్రంథాలయము, ఆదివారము పిల్లల పాఠము అని నియమింపవచ్చును. పదవికి పోటీ కలుగును. వంతులో ఒకరు తప్పుకొనిన మఱియొకరు నిలుతురు.

8. సారాంశము

ఊరక కూర్చుండుట దోషము కాదు. అలసిన దేహమునకు అది ఔషధము. పూజయందు అది శివయోగము. ఒకరి శ్రమపై కూర్చుండుట దోషము. తన్ను మరచుటకై ఎడతెగక పనిలో దాగుటయు దోషమే. పదవినుండి విరమించిన వానికి కాయకము మిగిలియే యున్నది. అయితే దానికి లక్కమ్మ చూపిన కనిష్ఠమును గరిష్ఠమును పాటింపవలెను. ఈ వ్రాయువాడును కొలది సంవత్సరములలో సుద్దముక్కను క్రింద పెట్టవలసినవాడే. కావున ఈ పాఠము పాఠకుల కెంతో వ్రాసినవానికిని అంతే.

గోష్ఠిలో చర్చింపదగిన ప్రశ్నలు:

(1) ఉద్యోగమునకును కాయకమునకును గల భేదములను మీ యింటి పెద్దల జీవితమునుండి ఉదాహరణములతో చెప్పుడు.

(2) లక్కమ్మ భర్తను ఒకసారి లేపి, ఒకసారి వారించుటకు కారణములేమి?

(3) చెరువు త్రవ్వించుచున్న సిద్ధరామయ్యను అల్లమప్రభువు ఎత్తిపొడుచుటలో ఉద్దేశమేమి?

(4) మీ యింటిలో ఒకరు కూర్చుండినపుడు లేచువారు ఎవరు? గోష్ఠికి వచ్చు ముందు వారినే అడిగి తెలిసికొని రండు.

(5) విరమణ వయస్సు లేని వృత్తులవారికి మీ గ్రామమున విశ్రాంతి కల్పించుటకు మఠము ఏమి చేయగలదు?

నాలుగవ ప్రశ్నకు సమాధానమును ఇంటి స్త్రీలు తామే చెప్పినచో మిక్కిలి మేలు. గోష్ఠి వేళను వారి వంటపనికి అడ్డురాని సమయమున నిర్ణయించుట నిర్వాహకుల బాధ్యత.